మస్తాన్ భాయ్ మీద పడ్డ పావుగంట

ఆరేళ్లుగా ఒక పావుగంటను మోస్తున్నాను. మా ఇంటావిడకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నానేమో.

నందిగామలో నాది చిన్న ఎలక్ట్రానిక్స్ షాపు. పైపుల ఫిట్టరు మస్తాన్ భాయ్ నన్ను వెంటేసుకుని ఊరూరా తిప్పి రైతులకు పరిచయం చేశాడు. ఆయనే లేకపోతే ఆ షాపు ఏడాది కూడా నిలిచేది కాదు.

చందర్లపాడు వైపు రెండు మిరప చేలకు ఒకటే బోరు. కరెంటు వచ్చి నీళ్లు రాగానే ముందు పైచేనుకు నాలుగు గంటలు. తర్వాత కరెంటు పోయేదాకా కిందచేనుకు. టైముకు వాల్వు తిప్పి ఆ వంతు మార్చే బాక్సు నేను చేశాను, చేలో బిగించింది మస్తాన్ భాయ్. బ్యాటరీ ఎక్కువకాలం రావాలని చిప్‌ను నిద్రలో ఉంచి, తక్కువ కరెంటుతో నడిచే క్లాకు మీద ఒక్క టైమరునే మేలుకుని ఉండనిచ్చాను. ఆ క్లాకు టైము తప్పకుండా నడవాలంటే బయట చిన్న క్రిస్టల్ వేయాలి. విజయవాడ నుంచి సరుకు రాలేదు. చిప్ లోపల ఉండే క్లాకుతోనే సరిపెట్టేశాను. వేడికి అది తప్పుతుందని నాకు తెలియదా? తెలుసు. షాపులో ఫ్యాను కింద బాగానే నడిచింది కదా, చాల్లే అనుకున్నాను.

ఎండలు ముదిరాక కిందచేను ఆఖరి సాళ్లు వాడిపోయాయి. ఆ చేను కౌలుకు చేసే నాగమణిగారు గొడవపెట్టుకున్నారు. పైచేనువాళ్ల కోసం మస్తాన్ భాయే వాల్వులో ఏదో చేశాడని ఊళ్లో అనేశారు. ఆయన బాక్సు విప్పి తెచ్చి నా దగ్గర పెట్టి వెళ్లాడు. డాబా మీద ఎండలో పెట్టి చూశాను. నాలుగు గంటలకు పావుగంట వెనకబడింది. ఆ పావుగంట నీళ్లు రోజూ కిందచేను వంతులోంచి పైచేనుకు పోయాయన్నమాట. చప్పుడు చేయకుండా క్రిస్టల్ వేసేశాను.

మర్నాడు వచ్చాడు.

“బాక్సులో ఏమన్నా తేడా ఉందా తమ్ముడూ?”

“ఏం లేదు భాయ్. కరెక్టుగానే ఉంది.”

“అయితే నా బిగింపులోనే ఏదో ఉండుంటదిలే. వాల్వు మళ్లీ బిగిస్తా.”

బిగించాడు. ఆరోజు నుంచి నీళ్లు సరిగ్గా పారాయి. అంటే తప్పు వాల్వుదేనని, అంటే ఆయనదేనని తేలిపోయింది. నా దొంగ మరమ్మతే ఆయన మీద రుజువైంది. ఆ ఊరివాళ్లు ఆయన్ను మళ్లీ పనికి పిలవలేదు.

ఎందుకు నోరు విప్పలేదు? పేరు పోతుందని. ఆ పేరు నాకు ఇచ్చిందే ఆయన! మొన్న కూడా జగ్గయ్యపేట నుంచి ఒక రైతును వెంటబెట్టుకొచ్చి, నా బాక్సులో వంక పెట్టడానికి ఉండదని గర్వంగా చెప్పాడు. అలాంటి మనిషి దొరకడం నా అదృష్టం. ఆ మాట రోజూ అనుకుంటాను. అనుకున్న ప్రతిసారీ తల వంగిపోతుంది.

ఆయనకు చెబితే నవ్వి భుజం తడతాడు. అంత తేలిగ్గా తప్పించుకోవడం నాకే ఇష్టం లేదు. ముందు చెప్పాల్సింది నాగమణిగారికి. ఆవిడ తిడతారు, నలుగురినీ పిలుస్తారు. పిలవనీ. ఆవిడతో అనాల్సిన మాట ముందు ఇక్కడ రాస్తున్నాను.

నాగమణిగారూ, మస్తాన్ భాయ్ వాల్వు మొదటిరోజే సరిగ్గా బిగించాడండి. తప్పు నాది. తెలిసే ఊరుకున్నాను.

రాసేశాను. ఊపిరి ఆడుతోంది.