మాత్రల షీటు మీది చిన్నక్షరాలు

బాగేపల్లి బస్టాండు పక్కనున్న మెడికల్ షాపు పెద్దాయన మొన్న సోమవారం పోయారు. తమ్ముడు ఫోనులో ఆ మాట చెప్పగానే, కౌంటరుకు దారం కట్టి వేలాడదీసిన ఆయన భూతద్దం నా కళ్ల ముందు ఊగింది. మీలో ఆ దారిన పోయినవాళ్లు దాన్ని చూసే ఉంటారు.

మిగతా షాపుల్లో మందుల కంపెనీలు ఇచ్చిన గోడగడియారాలుండేవి. ఈయన గోడ మాత్రం బోసి. ఒక్కటి పుచ్చుకున్నా వాళ్ల సరుకే అమ్మాల్సి వస్తుందనేవారు. టైమెంతని అడిగితే, వచ్చిన బస్సును చూసి చెప్పేవారు. అది సగం రోజులు తప్పే.

మా అమ్మకు బీపీ. మా ఊరు గూళూరు నుంచి ఆ షాపుకు నేనే తీసుకెళ్లేదాన్ని. ఒకసారి ఆయన, డాక్టరు రాసిన చీటి మీది తారీకు చూసి అమ్మవైపు తిరిగారు.

"నెల మాత్రలు రెండు నెలలు యట్లొచ్చినాయమ్మా?"

అమ్మ తలొంచుకుంది. రేటుకు భయపడి రోజు విడిచి రోజు మింగుతోందని నాకప్పుడే తెలిసింది. ఒకే ఇంట్లో ఉండి కనిపెట్టలేకపోయానని ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. ఊళ్లో సహకార సొసైటీవాళ్లు ఇచ్చిన ఇన్సూరెన్సు కార్డు ఉంది కదా అని తీసి చూపించాను.

"ఇది ఆస్పత్రి మంచమెక్కితేనే పలుకుతాదమ్మా. మంచమెక్కకుండా కాపాడే మాత్రకు పలకదు" అన్నారు.

తర్వాత భూతద్దం నా చేతికిచ్చి, షీటు మీద పెద్దక్షరాల కిందున్న చిన్నక్షరాలు చదవమన్నారు. ఇంకో కంపెనీ షీటు పక్కన పెట్టారు. దాని మీదా చిన్నక్షరాల్లో అదే మందు పేరు, రేటు మాత్రం మూడో వంతు. మిగతాది మధ్యలోవాళ్లకు పోతుందని, ఖరీదైనవి ఎక్కువ అమ్మితే తనకూ అందులో వాటా ఇస్తామని కంపెనీలవాళ్లు వస్తుంటారని చెప్పారు. అలాగని తనంతట తాను మందు మార్చలేదు. రెండు పేర్లూ ఒక కాగితం మీద రాసిచ్చారు.

"రాసిన డాక్టర్నే అడుగు. అడిగేదానికి దుడ్లు కట్టే పన్లేదు."

ఆ కాగితం పట్టుకుని వెళ్లాను. డాక్టరు అది చూసి, చీటి మీద పాత పేరు కొట్టేసి కొత్తది రాశారు. తీరా షాపులో కొత్త షీటు తీసిస్తే అమ్మ అక్కడే మొండికేసింది. తనకు గుణమిచ్చేది ఎర్ర మాత్రట, ఈ తెల్లది ఉత్తదట. పెద్దాయన విసుక్కోలేదు. అక్షరం ముక్క రాని అమ్మ బొటనవేలిని షీటు మీద ఆనించి, "పైనుండేది కంపెనీ పేరు, కిందుండేది మందు పేరు. నీకు కావాల్సింది కిందుండాది" అన్నారు.

ఇలా చెప్తున్నందుకు కొన్ని క్లినిక్కులవాళ్లు ఆయన షాపుకు మనుషుల్ని పంపడం మానేశారని విన్నాను. ఆయన నోట ఆ మాట ఎన్నడూ వినలేదు. అమ్మ మాత్రం ఆనాటి నుంచి ఒక్క పూట మాత్ర మానలేదు. ఈ రోజు మా ఇంట్లో అమ్మ గొంతు వినిపిస్తోందంటే అది ఆయన చలవే.

ఆయన పోయారని అమ్మకు చెప్పాను. అన్నం తిన్నాక అమ్మ మాత్రల షీటు తీసి, చదవడం రాని ఆ చిన్నక్షరాల మీద బొటనవేలు ఆనించి కాసేపు కూర్చుంది. ఆ తర్వాతే మాత్ర మింగింది.