ఎల్వా హారన్

ఆస్ట్రేలియా పల్లె జెరాంగ్‌లో ఫుట్‌బాల్ గోలు పడిందో లేదో తెలుసుకోవాలంటే మైదానానికి పోనక్కర్లేదు, ఎల్వా హైన్రిక్ హారన్ వింటే చాలు. మైదానం చుట్టూ కార్లు నిలబెట్టుకుని ఆట చూసేవాళ్లందరూ సొంత జట్టు గోలుకి హారన్ కొట్టేవాళ్లే. ఎల్వాది మాత్రం కొట్టడం కాదు, వాయించడం. కోడలిగా వచ్చిన కొత్తలో మొదలుపెట్టి, మనవరాళ్లు పుట్టాక కూడా మానలేదు.

కాలం ఊరుకుంటుందా? చిన్న గోధుమ పొలాలన్నీ పెద్దవాటి కడుపులోకి పోయాయి, బడి మూతపడింది, కుర్రాళ్లు గనుల పనికి వెళ్లిపోయారు. ఒకప్పుడు రెండు జట్లు దింపిన ఊళ్లో అక్కడి ఫుట్‌బాల్ జట్టుకి కావలసిన పద్దెనిమిది మంది కరువయ్యారు. లీగులో ఒకదాంతో ఒకటి కలిసిపోయిన క్లబ్బులు కలిసిపోగా, మూతపడినవి పోగా సగం మిగిలాయి. జెరాంగ్ కలవాల్సింది ఎవరితోనయ్యా అంటే, పక్క ఊరి విల్లాబితో! వాళ్లకీ వీళ్లకీ తాతల నాటి నుంచి ఉప్పూ నిప్పూ.

కలుద్దామని సమావేశంలో ఎల్వాయే ముందు చెయ్యెత్తింది. ఆట పూర్తిగా పోవడం కన్నా అదే నయం కదా. ఇంటికొచ్చి పసుపు నలుపు చారల పాత జెర్సీ ఒళ్లో పెట్టుకుని ఏడ్చింది. కలిసిన జట్టు కొత్త జెర్సీ అంతా విల్లాబి నీలమే, జెరాంగ్‌కి మిగిలింది భుజం మీద పసుపు గీత.

"చెయ్యెత్తాను గానీ హారన్ కొట్టను," అంది కూతురు లోరెయిన్‌తో. "విల్లాబి వాడి గోలుకి కొడితే నా చెయ్యి పడిపోవాలి."

"అయితే ఇంట్లోనే కూర్చో అమ్మా."

కూర్చోగలదా? ఆట లేని శనివారం ఆమెకి జ్వరమొచ్చినట్టే.

కలిసిన జట్టు మొదటి ఆట విల్లాబిలో. ఎల్వా వ్యానుకి దొరికిన ఖాళీ క్లారీ పోల్నర్ కారు పక్కన. విల్లాబి హారన్ అతనిదే. ఏళ్ల తరబడి పోటాపోటీగా మోత మోగించుకున్న ఇద్దరూ పలకరించుకోనైనా లేదు.

కాసేపటికే గోలు పడింది. ఎల్వా హారన్‌కి మైదానం అదిరింది. తీరా చూస్తే గోలు అవతలి జట్టుది. వాళ్ల జెర్సీ పసుపూ నలుపూ! చుట్టూ ఒకటే నవ్వులు.

క్లారీ కిటికీ దించాడు. "ఏమ్మోయ్, మొదటిరోజే అమ్ముడుపోయావా?"

"ఆ రంగు కనబడితే నా చెయ్యి నా మాట వినదు. నీ పని నువ్వు చూసుకో!" అంది ఎల్వా. ముఖం కందగడ్డయింది గానీ నవ్వు మాత్రం ఆగలేదు.

క్లారీ మధ్యాహ్నమంతా కారు రేడియోలో ఇంకో ఆట కూడా వింటూ కూర్చున్నాడు. ఇక్కడ ఆఖరి నిమిషంలో కలిసిన జట్టుకి అతని మనవడు టైరన్ గెలుపు గోలు కొట్టాడు. క్లారీ హారన్ నొక్కాడు. కుయ్యి లేదు, కయ్యి లేదు. రేడియో కారు బ్యాటరీని మొత్తం తాగేసింది.

"ఎల్వా! నా మనవడే! కొట్టవే తల్లీ!"

ఎల్వా మైదానం వైపు చూసింది. టైరన్‌ని భుజాల మీదికెత్తుకున్నది జెరాంగ్ కుర్రాళ్లే. ఆమె రెండు చేతులూ హారన్ మీద పెట్టి, కళ్లనీళ్లు కారుతున్నా తీయలేదు. ఎంత సంతోషమో! చెయ్యేమీ పడిపోలేదు.

జనం కదిలాక వ్యానులోంచి తీగలు తీసి, తన బ్యాటరీని అతని బ్యాటరీకి కలిపింది.

"విల్లాబి కారుకి జెరాంగ్ కరెంటా! మా నాన్న చూస్తే నన్ను గడప తొక్కనివ్వడు," అన్నాడు క్లారీ.

"నోరు మూసుకుని తాళం తిప్పు."

కారు గుర్రుమంది. "వచ్చే శనివారం నా పక్కన నీకు చోటు ఉంచుతాలే," అన్నాడు.

"నువ్వు ఉంచేదేంటి, నేనే నా పక్కన నీకు చోటు ఉంచుతా," అంది ఎల్వా తీగలు చుట్టుకుంటూ. "మళ్లీ రేడియో ముట్టుకున్నావో, మన హారన్ నేనొక్కదాన్నే కొట్టుకుంటా."