ఊక బస్తా మీద స్వారీ

మా ఇంట్లో ఉలవలు ఉడికిన రోజున నా తొడలు నొప్పెడతాయి. వంటింట్లోంచి ఆ మట్టి కలిసిన కమ్మటి వాసన వరండాలోకి వచ్చేసరికి, పడక్కుర్చీలో వాలి పేపరు చదువుతున్నవాణ్ని కాస్తా నిటారుగా లేచి కూర్చుంటాను. మడమలు వాటంతటవే కిందికి దిగుతాయి. మా ఆవిడకి ఇది అలవాటే. "ఇవాళ ఎంతదాకా వెళ్ళొచ్చారు?" అని వంటింట్లోంచే అడుగుతుంది. నేను వెళ్ళేది ఎప్పుడూ ఒక్కచోటికే. నర్సీపట్నంలో చర్చి వెనక సందు, అక్కడొక రేకుల పాక, దాని ముందు పొయ్యి మీద గుర్రం కోసం ఉడుకుతున్న ఉలవలు, పొయ్యి పక్కన నన్ను నమ్మని చూపు చూస్తూ ఏలియా గారు. ఆయన్ని నేనూ నమ్మలేదు లెండి. ఆ విషయంలో మాత్రం గురుశిష్యులం సరిసమానం.

ముందు నా తెలివితక్కువతనం ఒప్పుకోవాలి. డెబ్భైలలో ఇంటరు పాసై మూడేళ్ళు ఇంట్లో కూర్చున్నాను. కూర్చోవడంలో అంత అనుభవం ఉన్నవాడు మా ఎస్. రాయవరం చుట్టుపక్కల మరొకడు ఉండడు. అలాంటి రోజుల్లో కొండ ఊళ్ళకి మందులు పట్టుకెళ్ళే మనిషి కావాలని ఒక మిషను ఆసుపత్రివాళ్ళు పిలిచారు. మేనేజరు గారు నా సర్టిఫికెట్లన్నీ తిరగేసి, కళ్ళజోడు తీసి, "గుర్రపు స్వారీ వచ్చా?" అని అడిగారు. "వచ్చండి" అన్నాను. అది పూర్తిగా అబద్ధం కాదు. యలమంచిలిలో ఒకసారి ఫోటోలవాడి చెక్కగుర్రం మీద కూర్చుని ఫోటో తీయించుకున్నాను. అది కదల్లేదు, నేనూ కదల్లేదు, ఫోటో బాగానే వచ్చింది. మేనేజరు గారు సంతోషించి, "వానలు పడితే కొయ్యూరు దాటి మన జీపు వెళ్ళదు. మందుల పెట్టె గుర్రం మీదే పోవాలి. మొదటి వానకి నిన్ను గెడ్డ దాటించి చూస్తాను, దాటితే అక్కడే ఆర్డరు చేతిలో పెడతాను" అన్నారు. గెడ్డంటే మా వైపు కొండవాగు. వానలకింకా ఆరు వారాలుంది. ఇంటికెళ్ళేసరికి మా నాన్న ఊరంతా చెప్పేశాడు, అబ్బాయికి ఉద్యోగం వచ్చేసిందని. చెరకు తోటలో కూలివాళ్ళు కూడా నన్ను 'మందుల బాబు' అనడం మొదలుపెట్టారు. ఇక గుర్రం ఎక్కకపోతే ఊళ్ళో తలెత్తే దారి లేదు.

ఏలియా గారు జట్కా తోలేవారు. ఒకప్పుడు మిషను దొరసాని డాక్టరమ్మ గుర్రాన్ని చూసుకున్న మనిషని, ఆయనకంటే గుర్రం తెలిసినవాళ్ళు నర్సీపట్నంలో లేరని అందరూ అన్నారు. అక్కడే ఒక చుట్టాలింట్లో మకాం పెట్టి, వెళ్ళి నా సంగతంతా చెప్పుకున్నాను. ఆయన నా మొహం చూడలేదు, కాళ్ళు చూశారు.

"పేరేటి?"

"సత్యం అండీ."

"పేరు సత్తివే. ఆ మేనేజరు గారికి సెప్పిందే అబద్దం. డబ్బులున్నాయేటి?"

"లేవండీ."

"జీనుందా?"

"లేదండీ."

"మరేటుంది?"

"ఉత్సాహం ఉందండీ."

"అది గుర్రానికుండాల. నీకెందుకు?"

చివరికి ఒప్పందం కుదిరింది. రోజూ తెల్లారగానే ఒక మోపు గడ్డి నేనే కోసి తేవాలి, బుల్లెమ్మకి మాలిష్ చెయ్యాలి, ఉలవలు ఉడికించాలి. బుల్లెమ్మంటే ఆయన గుర్రం. పేరుకే బుల్లి, నా భుజం కంటే ఎత్తు. జీనూ లేదు, జీతమూ లేదు, మొత్తానికి ఉద్యోగం మాత్రం దొరికింది, అదీ గుర్రం దగ్గర. అదే నా మొదటి అనుమానం: ఈ ముసలాయనకి కావలసింది శిష్యుడా, పాలేరా?

రెండో అనుమానం మరునాడే పుట్టింది: ఈయనకి అసలు నేర్పడం వచ్చా? మాలిష్‌కి తప్ప బుల్లెమ్మ జోలికి రానివ్వలేదు. పిట్టగోడ మీద ఊక బస్తా ఒకటి తాళ్ళతో కట్టి, దాని మీద ఎక్కి కూర్చోమన్నారు. నా రెండు మోకాళ్ళకీ బస్తాకీ మధ్య చెరొక అడ్డాకు పెట్టారు, విస్తర్లు కుట్టే ఆకే. "ఆకు జారిందంటే నీకు పట్టు నేదు. చిరిగిందంటే నీకు బయవెక్కువ. జారకూడదు, చిరగకూడదు" అన్నారు. ఇక కళ్ళేనికి బదులు కొబ్బరితాడు. తాడు గుంజ మీదుగా అవతలికి వెళ్ళి, దాని చివర నీళ్ళ డబ్బా వేలాడుతుండేది. చెయ్యి ఏమాత్రం కుదిపినా నీళ్ళు ఒలికేవి. "ఆ డబ్బాయే గుర్రం నోరనుకో. నీ నోట్లో ఇనప ముక్కెట్టి ఎవుడైనా లాగితే ఎలాగుంటాదో సూసుకో." అలా పది రోజులు కూర్చున్నాను. కుళాయికి వెళ్ళే ఆడవాళ్ళు బిందెలు దించి మరీ చూసేవారు. "ఏటి బాబూ, బస్తా యలమంచిలి ఎల్తదేటి? మాకూ సోటుంటాదా?" అని ఒకావిడ రోజూ అడిగేది. మొదటి రోజుల్లో చిరిగిన ఆకులతో ఒక పెళ్ళి భోజనాలకి విస్తర్లు కుట్టొచ్చు. ఇంట్లో మూడేళ్ళు కూర్చున్న నాకు కూర్చోవడం చేతకాదని అప్పుడే తెలిసింది. వీపు వంగేది, మడమ లేచేది, భుజాలు చెవుల్ని అందుకోబోయేవి. ఆయన బస్తాకి ఎడంపక్కన నిలబడి, తలెత్తి నా మోకాలి వంకే చూస్తూ, "మడవ కిందకి. గెడ్డం పైకి. ఊపిరి ఒగ్గు" అంటూ ఉండేవారు. ఊపిరి వదలమంటే ఎక్కడ ప్రాణం వదలమంటారో అని నాకు లోపల దిగులు.

పదకొండో రోజున బుల్లెమ్మ మీద గోనె సంచులు మడత పెట్టి కట్టి, తాడుతో రికాబులు అల్లి నన్నెక్కించారు. గుర్రం ఎక్కడం నా చేతిలో ఉంది గానీ దిగడం మాత్రం గుర్రం చేతిలో ఉంది. నాలుగడుగులు వేసిందో లేదో పేడకుప్ప మీదున్నాను.

"పడ్డావేటి?"

"దిగేనండీ."

"బేగి దిగేవు."

ఆ రోజు మళ్ళీ ఎక్కడానికి నా కాళ్ళు రాలేదు. ఏలియా గారు బలవంతపెట్టలేదు. బుల్లెమ్మ మెడ మీద చెయ్యేసి, నెమ్మదిగా అన్నారు: "బయం పోతాదని నాను సెప్పను బావూ. అది పోదు. దాని సోటు మార్చాలంతే. నీ బయం సేతుల్లో ఉన్నాది, అందుకే తాడు లాగేస్తన్నావు. దాన్ని తీసి మడవల్లో ఎట్టు. అక్కడుంటే బరువుగా ఉంటాది, నిన్ను కిందకి పట్టి కూకోబెడతాది." ఆ మాట మీదే మర్నాటి నుంచి ఎక్కుతూ, పడుతూ కాస్త నిలదొక్కుకున్నాను. మాట బాగుంది. కానీ మాట బాగున్నకొద్దీ అనుమానం ఎక్కువయ్యే స్వభావం నాది.

దానికి ఆజ్యం పోసినవాడు టీ కొట్టు నూకరాజు. ఒకరోజు గ్లాసు నా చేతికిస్తూ, "ఏలియా గారు నేర్పుతున్నారటగా. ఆయన గుర్రం ఎక్కగా ఎవులైనా సూసేరేటి?" అన్నాడు. "నాను పుట్టిన కాడ్నించీ సూస్తన్నాను. బండి మీద కూకుంటాడు, నేపోతే పక్కన నడుస్తాడు. గుర్రం మీద మాత్రం నేడు." టీ చేదుగా అయిపోయింది. మర్నాటి నుంచి వల పన్నడం మొదలుపెట్టాను. "ఒక్కసారి మీరెక్కి చూపించండి ఏలియా గారూ, చూసి నేర్చుకుంటాను" అన్నాను. ఆ రోజు మోకాలు నొప్పి. రెండ్రోజులాగి అడిగితే బుల్లెమ్మ నాడా వదులైంది. ఆదివారం అడిగితే "ఇయ్యాల గుర్రానికి కూడా సెలవే" అన్నారు. ఒక తెల్లవారుజామున నేను ముందుగానే వెళ్ళి గడ్డివామి వెనక నక్కాను. గుర్రాన్ని నీళ్ళకి తీసుకెళ్ళి తెచ్చేటప్పుడైనా, ఎవరూ చూడకుండా ఎక్కుతారేమోనని. ఎక్కలేదు. ఎడంపక్కన నడుస్తూ వస్తున్నారు. నడిచేటప్పుడు ఆయన చూపు దారి మీద లేదు, గుర్రం మొహం మీదా లేదు. ఖాళీ వీపు పక్కన, మనిషి మోకాలు ఎక్కడ ఉంటుందో సరిగ్గా అక్కడ ఉంది.

గడ్డి దులుపుకుంటూ ఎదురెళ్ళి అడిగేశాను. "ఏలియా గారూ, మీరు జన్మలో ఎప్పుడైనా గుర్రం ఎక్కారా?"

"నేదు" అన్నారు.

అంత తేలిగ్గా చెప్పేసరికి, తరవాత అడగడానికి దాచుకున్న ప్రశ్నలన్నీ నాలాగే నిరుద్యోగులైపోయాయి.

"పద్నాలుగేళ్ళు డాక్టరమ్మ గారి గుర్రం పక్కన నడిసేను," అన్నారాయన. "కొయ్యూరు, ఆ పై కొండలు, వానలో, ఎండలో. ఆవిడ మోకాలు నా కళ్ళకి ఎదురుగా ఉండేది. ఆవిడ బయపడతన్నట్టు ఆవిడ కంటే ముందు నాకే తెలిసేది. పడబోతే పట్టుకునేవోణ్ణి నానే గదా."

"మరి మీరెందుకు ఎక్కలేదు?"

"ఎక్కమన్నోళ్ళు నేరు. ఆ రోజుల్లో ఎక్కీవోళ్ళు ఎక్కీవోళ్ళే, నడిసీవోళ్ళు నడిసీవోళ్ళే. ఆవిడ ఎల్లిపోయినాక బండి కొనుక్కున్నాను. ఇంక ఎక్కి ఎక్కడికెల్లాల?"

"ఎక్కడమే రాని మీరు నాకేం నేర్పుతారండీ?"

ఆయనకి కోపం రాలేదు. "నువ్వు మీదున్నావు. మీదున్నోడు తన్ను తాను సూసుకోగలడేటి?" అని గుర్రాన్ని పాకలోకి తీసుకెళ్ళిపోయారు.

నేను మాత్రం మోసపోయినవాడి ఠీవితో ఇంటికొచ్చేశాను. మూడు రోజులు ఆ సందు మొహం చూడలేదు. ఆరు వారాల గడ్డి, అన్ని ఉలవలు, ఆ ఆడవాళ్ళ నవ్వులు, అన్నీ ఈత రానివాడి దగ్గర ఈత నేర్చుకోవడానికా అని కుమిలిపోయాను. నాలుగో రోజున వాన కురిసింది. మేనేజరు గారి నుంచి కబురొచ్చింది, గురువారం కొయ్యూరు రమ్మని.

గెడ్డ ఎర్రగా, వేగంగా ఉంది. ఆసుపత్రి గుర్రం పొట్టి కొండగుర్రం, దాని చూపులో నా మీద నాకున్నంత అపనమ్మకం ఉంది. మేనేజరు గారు గట్టున గొడుగు కింద నిలబడ్డారు. మందుల పెట్టె వెనక కట్టి నన్నెక్కించారు. సగం దాకా బాగానే వెళ్ళాం. నడుమ పాచిరాయి మీద గుర్రం ముందుకాలు జారింది. దాని తల దిగిపోయింది, నీళ్ళు నా తొడల దాకా వచ్చాయి. రెండు చేతులూ కళ్ళేన్ని లాగడానికి లేచాయి. లేచినవి లేచినట్టే ఆగాయి. చేతుల్లో ఉన్న భయమంతా జరజరా కాళ్ళలోకి జారి, మడమల్లో సీసంలా నిండింది. వాటంతటవే అవి కిందికి దిగాయి. నేను కళ్ళెం లాగలేదు గనక గుర్రానికి తల ఎత్తుకోవడానికి చోటు దొరికింది. అది కాలు సర్దుకుని, ఒకసారి తుమ్మి, నన్నవతలి గట్టు ఎక్కించింది.

తిరిగి వచ్చాక మేనేజరు గారు ఆర్డరు కాగితం పట్టుకుని చాలాసేపు నన్నే చూశారు. "నా చిన్నతనంలో మా డాక్టరమ్మ గారు గెడ్డ దాటుతుంటే చూసేవాణ్ని. ఆవిడ కూర్చున్నట్టే కూర్చున్నావు. ఎవరు నేర్పారు?" అన్నారు. జట్కా తోలే మనిషి, అదీ గుర్రం ఎక్కడం రాని మనిషి పేరు చెబితే ఆ కాగితం మళ్ళీ జేబులోకి పోతుందేమోనని నాకు అనుమానమొచ్చింది. "చిన్నప్పటి నుంచీ అలవాటేనండీ" అన్నాను. ఆ ఉద్యోగంలో చేరడానికి ఒక అబద్ధం, దక్కించుకోవడానికి ఇంకొకటి. మొదటిది తలచుకుంటే నవ్వొస్తుంది. రెండోదానికి ఇప్పటికీ నవ్వు రాదు.

ఆయన దగ్గరికి వెంటనే వెళ్ళలేకపోయాను. వెళ్ళకపోవడానికి మోకాలు నొప్పులూ నాడాలూ నాకూ బోలెడు దొరికాయి. ఎనభైలు వచ్చాయి, నర్సీపట్నంలో ఆటోలు తిరగడం మొదలైంది. నాడాలు కొట్టించడానికి కొండగుర్రాన్ని తీసుకుని కిందికి దిగిన ఒక ఉదయం, ధైర్యం చేసి చర్చి వెనక సందులోకి వెళ్ళాను. బుల్లెమ్మ లేదు, బండి పాక పక్కన బోర్లించి ఉంది. ఏలియా గారు బక్కచిక్కిపోయారు. మేనేజరు గారన్న మాటా, నేను చెప్పిన అబద్ధమూ రెండూ చెప్పి తల వంచుకున్నాను. ఆయన అబద్ధం సంగతి ఎత్తలేదు. మొదటి మాట దగ్గరే ఆగిపోయి అన్నారు: "డాక్టరమ్మ గారి ఎడం మడవ రవ్వంత పైకుండేది. నీకూ ఉండుంటాది. అది నా తప్పే."

"ఎక్కండి" అన్నాను.

ఆయన మోకాలు పట్టుకోబోయారు. "నేను పట్టుకుంటాను. పడనివ్వను" అన్నాను. కాసేపు గుర్రాన్నీ నన్నూ మార్చి మార్చి చూసి, చొక్కా సర్దుకుని, నా భుజం మీద చెయ్యేసి ఎక్కారు.

నేను ఎడంపక్కన నడిచాను. సందు దాటి మెయిన్ రోడ్డు మీదికి, నూకరాజు టీ కొట్టు ముందు నుంచి, మళ్ళీ చర్చి దాకా. నేను తలెత్తి చూశాను. వీపు నిలువుగా, చేతులు దీపం పట్టుకున్నంత మెత్తగా, మడమలు కిందికి. జన్మలో మొదటిసారి గుర్రం ఎక్కినవాడెవడూ అలా కూర్చోడు. ఊక బస్తా మీద నేను పది రోజులకి నేర్చుకున్నది ఆయన పది అడుగుల్లో చేసి చూపిస్తున్నారు. 'ఎప్పుడూ ఎక్కలేదు' అన్న మాట నిజమేనా, లేక అదీ నా పాఠంలో ఒక భాగమా? ఆ అనుమానం అప్పుడు మొదలైంది. ఏలియా గారు పోయి ఇన్నేళ్ళయినా నన్ను వదల్లేదు, నేనూ దాన్ని వదలడం లేదు. అడిగితే చెప్పేవారేమో. అడగలేదు.

పది రోజులు ఊక బస్తా మీద కూర్చోబెట్టినందుకు నాకు కూడా ఒక బాకీ తీర్చుకోవాలనిపించింది. గుడిస్తంభంలా నిటారుగా కూర్చున్న ఆ మనిషిని చూస్తూ, గొంతు సవరించుకుని, "వీపు వంగిపోతోందండీ ఏలియా గారూ" అన్నాను.

"నిజవేటి?" అని ఆయన కంగారుగా ఇంకొంచెం నిటారయ్యారు.