మోగని బెల్లుకు చప్పట్లు

2003లో నేను రాజమండ్రిలో, రొయ్యల చెరువులకు అలారం బోర్డులు చేసే చిన్న కంపెనీలో పనిచేసేదాన్ని. మా ఆయన పోయాక దొరికిన ఉద్యోగం. నా చదువు సంతకం వరకే. నేను చెబుతుంటే మా కోడలు రాస్తోంది.

నా పని బోర్డులు చెడగొట్టడం. నవ్వకండి. చెరువులో రొయ్యలకు ఊపిరాడేలా గాలి కొట్టే ఫ్యాన్లకు కరెంటు పోతే, మా బోర్డు బ్యాటరీతో బెల్లు మోగించాలి. బోర్డులో లోపముంటే టెస్టింగ్ మిషను పట్టుకోవాలి. అది పట్టుకుంటుందో లేదో తెలియాలంటే ముందు మేమే లోపం పెట్టాలి కదా. ఒక తీగ తెంపేదాన్ని, అది ఓపెన్. ఇంకో తీగలో ఎప్పుడూ కరెంటు ఉన్నట్టే కట్టేసేదాన్ని, అది స్టక్. ఏం చేసినా మిషను ఎర్రలైటు వెలిగించేది. ఇంజనీరు రాజుగారూ నేనూ మురిసిపోయేవాళ్లం.

ఒకరోజు అంతర్వేది వైపు నుంచి సత్తిబాబుగారనే రైతు బోర్డు పట్టుకుని దిగారు.

"తెల్లారుజామున కరెంటు పోతే మీ బెల్లు నోరెత్తలేదండీ. ఫ్యాన్ల చప్పుడాగి మా ఆవిడ లేచింది గనక రొయ్యలు బతికాయి. ఇంకోసారైతే పంటంతా పోద్ది."

మిషనులో పెడితే పచ్చలైటు. ప్లగ్గు పీకితే బెల్లు గణగణ.

"మీ ముందు బుద్ధిమంతుడండీ ఇది. మా గట్టు మీదే మొండికేస్తాది."

"ఎక్కడ తగిలించారు?" అన్నారు రాజుగారు.

"చెరువు పక్క పాకలోనండి. పొద్దున్నే ముట్టుకుంటే చెమ్మ. ఉప్పగా ఉంటాది."

"నాకి చూశారేంటండీ?" అన్నాను.

"రొయ్యలు పోతాయంటే దేన్నైనా నాకుతామండి!"

రాజుగారు నా వైపు తిరిగారు. "మంగమ్మగారూ, మనం ఎప్పుడూ ఒక్కో తీగనే పాడుచేశాం. రెండింటినీ కలిపి చూడలేదు."

ఉప్పునీళ్లలో దూది ముంచి, బోర్డు మీద తీగల్లా పనిచేసే రాగి గీతల్లో బ్యాటరీ గీతకూ 'కరెంటు ఉంది' అని చెప్పే గీతకూ అడ్డంగా పెట్టాను. ప్లగ్గు పీకాం. చప్పుడు లేదు. బ్యాటరీ కరెంటు తడిలోంచి పక్క గీతలోకి పాకి, కరెంటు ఉన్నట్టే బోర్డును నమ్మించేస్తోంది. ఇద్దరం చప్పట్లు కొట్టాం.

"ఇక్కడ నా కొంప మునుగుతుంటే పండగేంటండీ!" అన్నారు సత్తిబాబుగారు.

"దొంగ దొరికాడండీ!" అన్నాను.

బోర్డు కడిగి ఆరబెట్టి, గీతల మీద వార్నిష్ పూశాం. మళ్లీ తడిదూది, మళ్లీ ప్లగ్గు. ఆ మోతకు సత్తిబాబుగారి టీ నా చీర మీద ఒలికింది.

అప్పటినుంచి ఏ బోర్డు చెడగొట్టబోయినా ముందు అది ఎక్కడ ఉండబోతోందో అడిగేదాన్ని. మన గదిలో వచ్చే లోపాలే లోపాలు కావు.

కొన్నాళ్లకు సత్తిబాబుగారు రొయ్యల సంచితో గుమ్మంలోంచే కేకేశారు: "కరెంటు పోయిందండీ!"

ఆ మాట అంత సంతోషంగా చెప్పిన మనిషిని నేను మళ్లీ చూడలేదు.