గోడలో కూత

హోసూరులో కొత్త ఇళ్ల గోడల్లో ముందే వేసి పెట్టిన హోంథియేటర్ వైర్లలో ఏది ఎక్కడికి పోతుందో కనిపెట్టి కలపడమే అత్తిముగం ఊరి ముత్తప్ప పని. ఒకప్పుడు గొర్రెలు కాసిన మనిషి. ఇంట్లోకి రాగానే చెప్పులు విడిచి, గోడకు అరచేయి ఆనించి కాసేపు ఊరకే నిలబడతాడు. వైరు కొసకు కూత పెట్టే చిన్న పెట్టె తగిలించి, చేతిలోని కడ్డీని గోడ వెంట జరుపుతూ, తప్పిపోయిన గొర్రె అరుపు వెంట పోయినట్టు ఆ కూత వెంట పోతాడు. చూసేవాళ్లు ఊపిరి బిగబట్టి వెనకే నడుస్తారు. దొరికిన ప్రతి వైరుకూ, గొర్రెపిల్లకు కట్టినట్టు, రంగు ఉన్నిదారం ముడి వేస్తాడు.

మొన్న సుధామణి ఇంట్లో ఆరు వైర్లు హాల్లోని స్పీకర్లకు సరిపోయాయి. ఏడోది మిగిలింది. వాటిని వేయించిన భర్త పోయి ఏడాదైంది. ఏది దేనికో ఆయన రాసిపెట్టలేదు.

"దాన్ని కోసేయప్పా. నేను యాడ సినిమా చూసినాను, వంటింట్లోనే సరిపోయె," అన్నదామె.

"ఉండమ్మా, ఇది యాడికో పోతా ఉంది."

కూత హాలు దాటింది, మలుపు తిరిగింది, వంటింట్లో పొయ్యి పైన గోడలో ఆగింది. ముత్తప్ప బొటనవేలంత మేర పూత గీకాడు. చుట్టిపెట్టిన వైరు కొస బయటపడింది.

"మీరు నిలబడే తావుకే సారు వేయించినారమ్మా."

ముత్తప్ప ఎర్రదారం తీశాడు. ఎప్పుడూ తానే కట్టేవాడు, ఈసారి మాత్రం దాన్ని ఆమె చేతికిచ్చాడు.