బాపమ్మ చూడని పాలపిట్ట

నా చిన్నప్పుడు ఏ కాలం వచ్చిందో మాకు చెప్పేది మా బాపమ్మ కాళ్ళే. మా బాపును, అంటే మా నాన్నను, కన్నతల్లి ఆమె. వానలు పడగానే కాలువకు నీళ్ళొచ్చాయో లేదో చూసొద్దామని పిల్లలందరినీ గట్టు వెంట నడిపించేది. చలికాలంలో, బోధన్ చుట్టుపక్కల చెరుకు నరికే రోజుల్లో, బెల్లం వండే పొయ్యి దగ్గరికి తీసుకుపోయి వేడి పాకం ఆకుల్లో పోయించేది. ఎండలు ముదరకముందు మోదుగుపూల కోసం, ముదిరాక తునికిపండ్ల కోసం గుట్టకు పోయేవాళ్ళం. పనులు వదిలి ఈ తిరుగుడేమిటని బాపు విసుక్కుంటే, "ఇంట్ల గూసుంటే కాలమొచ్చింది ఎట్ల ఎర్కయితదిరా" అనేది. ఆమె వెనక నడిచే పిల్లల్లో అందరికంటే ముందుండేది నేనే. ఈ మాట చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

అన్ని తిరుగుళ్ళలోకీ పెద్దది దసరా నాటిది. ఆ రోజు ఊరి పొలిమేర దాటిపోయి పాలపిట్టను చూస్తే ఏడాదంతా మంచి జరుగుతుందని మా వైపు నమ్మకం. ఆ నీలిరెక్కలు కంటబడేదాకా బాపమ్మ ఇంటిముఖం పట్టేది కాదు. ఎండలో మాడిపోతున్నామని మేము గునిసినా వినేది కాదు.

నాకు పన్నెండో పదమూడో ఏళ్ళున్నప్పుడు, వానకాలం మొదట్లో, ఆమె వాకిట్లో జారిపడింది. తుంటి విరిగింది. కట్టు కట్టించగా కట్టించగా కూర్చునేదాకా వచ్చింది గాని నడక పోయింది. కాలువ పారింది, చేలు పచ్చబడ్డాయి, ఆమె మాత్రం వసారాలో నులకమంచం దిగలేదు. ఆమె ముఖం చూడలేక ఒకనాడు నేనే గొప్పగా మాటిచ్చాను, దసరాకు ఎడ్లబండి కట్టి పిట్ట దగ్గరికి తీసుకుపోతానని. ఇక అప్పటినుంచి దారినపోయే ప్రతివాళ్ళకూ అదే చెప్పేది. "మా మనుమడు బండి కడ్తడంట" అని.

పండుగనాడు తెల్లవారకముందే లేచి తలస్నానం చేయించుకుంది. కొత్త చీర కట్టించుకుంది. బండిలో తినడానికి రొట్టెలు చేయించి, మూటగట్టి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నేను ఎడ్లను కడిగే లోపల నా ఈడువాళ్ళు కిరాయి సైకిళ్ళేసుకుని వచ్చారు. అలీసాగర్ పోతున్నారట. తోట, నీళ్ళు, గుట్ట మీద బంగళా. నాకోసం కూడా ఒక సైకిల్ తెచ్చారు. నా ప్రాణం అక్కడికి ఎగిరిపోయింది.

సరిగ్గా అప్పుడే పంజరంలో పాలపిట్టను పెట్టుకుని ఇంటింటికీ చూపించే మనిషి మా వాడలోకి వచ్చాడు. వెతకబోయిన తీగ కాలికి తగిలినట్టయింది నాకు. అతన్ని నేరుగా వసారాలోకి తీసుకువచ్చి, "ఇగో బాపమ్మా, పిట్టనే మనింటికొచ్చింది, ఇగ బండెందుకు" అన్నాను. నా తెలివికి నేనే మురిసిపోయాను కూడా.

ఆమె పంజరాన్ని చూసింది. అందులో పిట్ట రెక్క విప్పే చోటు లేక ఒక మూలకు ఒదిగి ఉంది. తరవాత నన్ను చూసింది. గేటు దగ్గర నిలబెట్టిన సైకిళ్ళను చూసింది. మెల్లగా చేతులు జోడించి దండం పెట్టుకుని, "సూసిన బిడ్డా, నువ్వు పో, నీ దోస్తులు ఆగిన్రు" అంది. నేను ఆగలేదు.

అలీసాగర్‌లో ఎంత ఆడుకున్నానో అబద్ధం చెప్పను. గుట్టెక్కాం, దిగాం, నీళ్ళలో రాళ్ళు విసిరాం. ఇల్లు గుర్తు రాలేదు. పొద్దు వాలుతుండగా తిరిగొస్తుంటే, మా చెరుకు తోట పక్కన, బండి తోలుకొచ్చి ఉంటే నేను ఆపేచోట, కరెంటు తీగ మీద పాలపిట్ట కూర్చుని ఉంది. మమ్మల్ని చూసి లేచింది. రెక్కలు విప్పేసరికి చెరుకు మీద అంతా నీలం. తొందరేమీ లేనట్టు ఒక చుట్టు తిరిగి మళ్ళీ అదే తీగ మీద వాలింది. దోస్తులు సైకిళ్ళు దిగి దండాలు పెట్టారు. నా చేతులు హ్యాండిల్ మీద నుంచి లేవలేదు. ఆ పిట్ట ఎవరి కోసం వచ్చిందో నాకు తెలుసు.

ఇంటికి చేరేసరికి బాపు మంచం పక్కన నిలబడి అడుగుతున్నాడు. "పాలపిట్ట కనవడ్డదా అవ్వా?"

"కనవడ్డది. పోరడు మంచిగ సూపిచ్చిండు," అంది బాపమ్మ.

బాపు నా భుజం తట్టి శభాష్ అన్నాడు. అంతకంటే రెండు దెబ్బలు వేసినా బాగుండేది. ఆయన లోపలికి పోయాక బాపమ్మ ఒళ్ళోని మూట విప్పింది. ఒక్క రొట్టె కూడా తగ్గలేదు. "బండిల తిందమని చేపిచ్చిన, తినురా, ఆకలిగొన్నవు," అంటూ నా చేతిలో పెట్టింది. అందులో ఎత్తిపొడుపు లేదు. తీగ మీది పిట్ట సంగతి నోటిదాకా వచ్చింది గాని చెప్పలేకపోయాను.

తరవాతి దసరాకు ఎవరూ చెప్పకముందే బండి కట్టాను. ఆ పైయేడూ కట్టాను. రెండుసార్లూ చీకటిపడేదాకా తీగలన్నీ, చెట్లన్నీ వెతికాను. పిట్ట రాలేదు. నేను ఏడుపు ముఖం పెడితే ఆమే నవ్వింది. "కనవడకుంటేంది, వచ్చినం గద. చెరుకు సూడు ఎంత ఎత్తు పెరిగిందో," అంది. ఆ మరుసటి దసరాకు ఆమె లేదు.

ఇప్పుడు నేను నిజామాబాద్‌లో ఉంటున్నాను. మొన్న దసరాకు నా మనుమడు ఫోన్‌లో పాలపిట్ట ఫోటో చూపించి, "అయిపాయె తాతా, ఇగ ఎండల పోవుడెందుకు" అన్నాడు. వాణ్ణి అనడానికి నాకు నోరేది? చెప్పులేసుకుని ఆటో పిలిచాను. మోకాళ్ళు పట్టేసిన మా ఆవిడను ఎక్కించి, వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని బోధన్ రోడ్డు పట్టాను. వానకాలమైనా చలికాలమైనా ఏదో ఒక సాకుతో ఇలా పోతూనే ఉంటాం.

ఒక్కొక్కసారి పిట్ట కనిపిస్తుంది. అందరూ దండం పెట్టుకుంటారు. నేను మాత్రం ఆనాడు చెప్పలేకపోయిన మాటను లోలోపలే అనుకుంటాను, "గదిగో బాపమ్మా" అని.