దగ్గు దాచుకునే చోటు

మిరపకాయల గోడౌన్‌లో దగ్గని మనిషి ఉండదు. కాయ నుంచి ముచ్చిక తుంచినప్పుడల్లా సన్నటి ఎర్ర దుమ్ము లేస్తుంది. ముక్కుకీ నోటికీ పాత చీర ముక్క బిగించి కట్టుకున్నా అది గొంతులోకి దిగుతుంది. మా పేట నుంచి పదిహేను మంది ఆడవాళ్లం ఒకే ముఠాగా ఆ పనికి వెళ్లేవాళ్లం. జనవరి నుంచి ఎండలు ముదిరేదాకా అందరం దగ్గుతూనే ఉండేవాళ్లం. ఎవరి దగ్గు ఎవరిదో తెలిసేది కాదు.

మా వదిన దగ్గు నాకు వినపడింది అక్కడ కాదు. ఆగస్టులో, పత్తి చేలో. వాన వెలిశాక కలుపు తీస్తున్నాం. మిగతా వాళ్ల దగ్గులు ఏనాడో ఆగిపోయాయి. వదిన ఒక్కతే సాలు మధ్యలో ఆగి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని దగ్గుతోంది.

"ఈమెకి ఘాటు ఇంకా దిగలేదే" అంది ముఠా మేస్త్రి అక్క. అందరూ నవ్వారు. వదిన కూడా నవ్వింది. నేను నవ్వలేదు. నేను చదివి ఉన్నాను.

అప్పటికి నాకు పంతొమ్మిదేళ్లు. ఏడో తరగతితో బడి మానేశాను గానీ ఊళ్లో ఉన్న శాఖా గ్రంథాలయం మానలేదు. పని లేని రోజు పొద్దున, ఉన్న రోజు సాయంత్రం వెళ్లేదాన్ని. పత్రికలు చాలామంది చదివేవాళ్లు. బీరువాల్లోని పుస్తకాలు వరసపెట్టి చదివింది ఆ ఊళ్లో నేనొక్కదాన్నే అని గ్రంథాలయం ఆయనే అనేవాడు. అలా ఆరోగ్యం బీరువాలో ఒక పుస్తకం దొరికింది. అట్ట లేదు, మొదటి పేజీలు ఊడిపోయాయి. అంటువ్యాధులు ఎలా వస్తాయో, ఎలా ఆపాలో అందులో ఉంది. రెండుసార్లు చదివి, ముఖ్యమైనవి నోటుబుక్కులోకి ఎక్కించుకున్నాను. వారాలు గడిచినా ఆగని దగ్గు, సాయంత్రం పూట జ్వరం, ఒళ్లు తగ్గడం. వదిన జాకెట్టు భుజాల మీద నిలవడం లేదు. రాత్రిళ్లు చెమటతో దిండు తడుస్తోందని తనే చెప్పింది.

మా అన్నయ్య గుంటూరు మిర్చి యార్డులో బస్తాలు మోసేవాడు. వాళ్లకి పెళ్లయి రెండేళ్లు. ముందు నా మాట కొట్టిపడేశాడు. "దగ్గితే టీబీయేనా? అట్టయితే మా యార్డంతా టీబీయే" అన్నాడు. నేను నోటుబుక్కు తెచ్చి చదివి వినిపించాను. మర్నాడు ముగ్గురం పట్నం వెళ్లి కళ్లె పరీక్ష చేయించాం. క్రిములు ఉన్నాయి. రెండు నెలలు రోజూ సూది, బిళ్లలు మాత్రం ఏడాది పైన. సూది మా ఊరి దగ్గరి ఆస్పత్రిలో వేస్తారు, బిళ్లలు నెలకోసారి కార్డు చూపించి పట్నంలో తెచ్చుకోవాలి.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో నాకు లోపల సంతోషంగా ఉంది. వదినకి జబ్బు వచ్చిందని కాదు, నేను కనిపెట్టానని. ఈ మాట రాయడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

ఆ సాయంత్రమే పుస్తకంలో ఉన్నట్టు పని మొదలుపెట్టాను. వదినకి ఒక కంచం, ఒక స్టీలు గ్లాసు వేరు చేశాను. కలిసిపోకుండా మేకుతో గ్లాసు మీద మూడు చుక్కలు కొట్టి, వంటింటి బయట గూట్లో పెట్టాను. పడక లోపలి గదిలోకి మార్చాను. ఆ గది కిటికీ సందులోకి ఉంటుంది. దగ్గు పక్కింటి వాళ్లకి వినపడుతుందని దాన్ని మూసేశాను. గాలి, వెలుతురు ఉండాలని కూడా ఆ పుస్తకంలోనే ఉంది. ఆ వాక్యం నా చేతి రాతలోనే నోటుబుక్కులో ఉంది. కానీ చేసింది మాత్రం గ్లాసు సంగతి.

వదిన వచ్చి గూట్లో గ్లాసు చూసింది. చేతిలోకి తీసుకుని చుక్కలు తడిమింది.

"బడ్డీ కొట్టు గ్లాసు మన ఇల్లు వెతుక్కుంటా వచ్చిందా అమ్మాయ్" అంది.

ఊళ్లో టీ బడ్డీ దగ్గర మా పేట వాళ్ల గ్లాసులు చూరు కింద విడిగా ఉండేవి. తాగి, మేమే కడిగి, అక్కడే బోర్లించాలి. మా అన్నయ్య ఆ బడ్డీలో టీ తాగడం మానేసి అప్పటికి ఐదేళ్లు. ఆ రోజు అన్నయ్య గ్లాసు వైపు, నా వైపు చూసి లోపలికి వెళ్లిపోయాడు. చదువుకున్నదాన్ని అని నా మాటకి ఇంట్లో అంత విలువ ఉండేది. "అది వేరు, ఇది వేరు వదినా. ఇది సైన్సు" అన్నాను.

"అవునులే" అంది వదిన. ఆ గ్లాసుతోనే నీళ్లు ముంచుకుని తాగింది.

అక్కడితో ఆగినా బాగుండేది. పత్తి తీతలకి ముఠా అంతా ఒకే బిందె, ఒకే గ్లాసు తీసుకెళ్లేవాళ్లం. ఒకరోజు మధ్యాహ్నం అన్నాల దగ్గర నోటుబుక్కు తెరిచి అందరికీ చదివి చెప్పాను. క్షయ అంటే ఏమిటో, ఎలా అంటుతుందో, వదిన గ్లాసు ఎందుకు వేరుగా ఉండాలో. అంతకుముందు వాళ్లు నన్ను డాక్టరమ్మా అని ఆటపట్టించేవాళ్లు. ఆ రోజు ఎవరూ ఆటపట్టించలేదు. ముద్ద నోట్లో పెట్టుకోకుండా విన్నారు. వదిన కొంచెం అవతల, గట్టు మీద కూర్చుని ఉంది. ఆమెకి అన్నీ వినపడుతున్నాయి.

ఆ నెల మా పేట చర్చిలో ప్రభువు సంస్కారం తీసుకునేటప్పుడు వరుస మారింది. ద్రాక్షరసానికి మాకు ఒకటే గిన్నె, వరసలో నిలబడి ఒకరి తర్వాత ఒకరు తాగాలి. ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఒకామె ముసుగు సర్దుకుంటూ ముందుకు జరిగింది, ఇంకొకామె జారిన కొంగు అందుకోవడానికి వంగి ముందుకొచ్చింది. గిన్నె చివరికి వచ్చేసరికి వదిన ఒక్కతే మిగిలింది. తర్వాతి నెల ఆమె బెంచీ మీద నుంచి లేవలేదు.

సూదులు అయిపోయాయి. దగ్గు తగ్గింది, ముఖం తేరుకుంది. క్రిస్మస్‌కి పుట్టింటికి వెళ్తానంది. వాళ్లది ఒంగోలు అవతల, అద్దంకి వైపు. ముందే అడిగి తెచ్చిన రెండు నెలల బిళ్లలు పొట్లం కట్టి ఇచ్చాను. పండగ అయింది, జనవరి అయింది. వదిన రాలేదు. "ఒంట్లో బాగుంది, కొన్నాళ్లుండి వస్తాను" అని కార్డు రాయించింది.

ఫిబ్రవరిలో ఆమె ఆస్పత్రి కార్డు పట్టుకుని బిళ్లల కోసం నేను పట్నం వెళ్లాను. మందులిచ్చే ఆయన పెద్దవయసు మనిషి, కళ్లజోడు తాడుతో మెడకి వేలాడేది.

"మనిషేదమ్మా?"

"పుట్టింట్లో ఉందండి. మేం జాగ్రత్తగానే ఉన్నామండి. కంచం, గ్లాసు వేరే పెట్టాం. పుస్తకంలో చదివి నేనే అన్నీ చేశాను" అన్నాను. మెచ్చుకుంటాడనుకున్నాను.

ఆయన కళ్లజోడు పెట్టుకుని నన్ను చూశాడు. "గ్లాసులోంచి రాదమ్మా టీబీ. దగ్గితే గాలిలోకి వస్తది. మూసిన గదిలో ఆ గాలి కదలక అక్కడే ఉంటది. కిటికీ తీసి ఉంచారా?"

లేదని తల ఊపాను.

"సూదులు మొదలెట్టి ఎన్నాళ్లయింది? అయిదు నెలలు. మందు సరిగ్గా మింగే మనిషితో భయం లేదు. మింగని మనిషితోనే భయం. నువ్వు మింగే మనిషిని ఇంట్లోంచి తరిమావు." కార్డు తిరగేసి చూశాడు. "మీరు పత్తి వేసే ఊరి వాళ్లే గదా. సగం సగం మందు కొట్టి వదిలేస్తే తెల్లదోమ ఏమవుద్దో నేను చెప్పాలా? ఇదీ అంతే. మొండికేస్తది. ముందు ఆమె మింగుతుందో లేదో వెళ్లి చూడు."

ఊరికి రాగానే గ్రంథాలయానికి వెళ్లి ఆ పుస్తకం మళ్లీ తీశాను. క్షయ అధ్యాయంలో కొండగాలి ఉంది, గుడ్లు, పాలు ఉన్నాయి, కంచాలు కాచడం ఉంది. వదినకి వేసిన సూది పేరు ఎక్కడా లేదు, బిళ్లల పేర్లూ లేవు. ఆ మందులు పుట్టకముందు రాసిన పుస్తకం అది. మొదటి పేజీలు లేవు కాబట్టి ఏ సంవత్సరమో నాకు తెలియలేదు. తెలియదన్న సంగతి కూడా నాకు తట్టలేదు.

రెండు రోజుల తర్వాత వదిన పుట్టింటికి వెళ్లాను. ఒంగోలులో బస్సు మారి చేరేసరికి పదకొండయింది. వాళ్లమ్మ వాకిట్లోనే ఉంది.

"రామ్మా. నీ వదిన పనికెళ్లింది. ఊరి చివర మిరపకాయల గోడౌన్ పెట్టారుగా. ఒద్దే, ఒళ్లు బాగలేని దానివి అంటే ఇనలా" అంది. జబ్బు ఏమిటో ఆమెకి తెలియదని ఆ మాటతో అర్థమైంది.

గోడౌన్ తలుపులు సగం వేసి ఉన్నాయి. లోపల ఇరవై పాతిక మంది ఆడవాళ్లు రాశుల చుట్టూ కూర్చుని ఉన్నారు. అందరి ముఖాలకీ గుడ్డలు, కళ్లు మాత్రమే కనపడుతున్నాయి. అందరూ దగ్గుతున్నారు. వదిన ఎక్కడుందో నాకు తెలియలేదు. గుమ్మంలో నిలబడి దగ్గుల్లో ఆమె దగ్గు వెతికాను, దొరకలేదు. చివరికి ఒకామె గుడ్డ గడ్డం కిందికి లాగి, "ఇటు" అని చెయ్యి ఊపింది. ఆమే వదిన.

పక్కన కూర్చున్నామె అప్పుడే గుడ్డ కొంచెం ఎత్తి నీళ్లు తాగి, మిగిలిన సగం గ్లాసు వదినకి అందించింది. ఏమీ ఆలోచించకుండా ఇచ్చింది. వదిన నా కళ్లలోకి చూస్తూ తాగింది.

బయట గోడ నీడలోకి వచ్చాం. ఆమె మళ్లీ చిక్కిపోయింది.

"బిళ్లలు మింగుతున్నావా?"

"పెట్టెలో ఉన్నయ్. పండక్కి వచ్చిన నాటి నుంచీ మింగలా. అమ్మ చూస్తే అడుగుద్ది. చెల్లికి సంబంధాలు చూస్తన్నారు."

"మరి దగ్గు?"

"ఇక్కడ దగ్గితే ఎవరడుగుతారు?" అంది వదిన. "ఇంట్లో ఆపుకుంటా. ఇక్కడికొచ్చి దగ్గుకుంటా."

మందులిచ్చే ఆయన చెప్పిందంతా చెప్పాను. గ్లాసు తప్పని, పుస్తకం పాతదని చెప్పాను. వదిన విని, కాళ్ల దగ్గర పడి ఉన్న ఎర్రటి తొక్కలు కాలితో ఒక పక్కకి నెట్టింది.

"ఇక్కడ గోడ పక్కన నాకు చెప్తే ఏం లాభం? ముఠా అందరి ముందూ చదివావుగా. అందరి ముందే తప్పని చెప్పు. చెప్పావని మీ అన్న వచ్చి అంటే అప్పుడొస్తా."

"చెప్తాను. నువ్వు మాత్రం ఈ రోజు నుంచే మింగు."

"నువ్వు చెప్పిన రోజు నుంచి మింగుతా."

కొత్త పొట్లం తీసుకుని కొంగున ముడేసుకుంది. నా ముందు విప్పలేదు. గుడ్డ ముఖానికి కట్టుకుని లోపలికి వెళ్లిపోయింది.

మర్నాడు మా గోడౌన్‌లో అన్నాల వేళ లేచి నిలబడ్డాను. నోటుబుక్కు తీసుకెళ్లలేదు. నేను చెప్పింది తప్పు, జబ్బు గ్లాసు నుంచి రాదు, మందు మింగే మనిషితో కలిసి తినొచ్చు, తాగొచ్చు అన్నాను.

"పుస్తకం మారిందా డాక్టరమ్మా?" అంది ఒకామె. కొందరు నవ్వారు.

"నిన్న వేరే పెట్టమన్నావు, ఇయ్యాల కలిపి తాగమంటన్నావు. రేపేమంటావో అదీ ఇప్పుడే చెప్పు, మేం ఒక్కసారే చేసేస్తాం" అంది ఇంకొకామె.

మేస్త్రి అక్క మాత్రం నవ్వలేదు. "నువ్వు పుస్తకం నమ్మావు. మేం నిన్ను నమ్మాం. నమ్మడం తేలికేనమ్మా. ఇప్పుడు తీసెయ్యమంటే ఎక్కణ్ణుంచి తీసెయ్యాలి? ఆమెని రమ్మను, పనికి ఒద్దనం. గ్లాసు మాత్రం ఆమెది ఆమె తెచ్చుకోమను."

ఆ మాట అన్నయ్యకి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన ఆ రాత్రి అన్నం తినలేదు. ఇంట్లో గూట్లో ఉన్న గ్లాసు తీసి పారేసి, మర్నాటి బస్సుకి వెళ్లాడు. అక్కడ ఏం చెప్పాడో నాకు తెలియదు. వదిన వచ్చింది.

సూదులు మళ్లీ మొదటి నుంచి. ఈసారి రోజూ నేను వెంట వెళ్లేదాన్ని. పాత మందు పనిచేస్తుందో లేదో చూడాలన్నాడు మందులిచ్చే ఆయన, మాట ఇవ్వలేదు. మూడు నెలల తర్వాత కళ్లె పరీక్ష బాగుందని వచ్చింది. మా అందరికీ కూడా పరీక్ష చేశారు, ఎవరికీ లేదు. వదిన బతికింది. కానీ ఆ రోజు నేను ఎదురుచూసిన సంతోషం ఆమె ముఖంలో కనపడలేదు. బస్సులో కిటికీ పక్కన కూర్చుని, "ఆమెకి చెప్పాలి" అంది.

"ఎవరికి?"

"నా పక్కన కూర్చునేదే, గ్లాసు ఇచ్చింది. నెల పైన పగలంతా ఆమె పక్కనే దగ్గాను."

మందులిచ్చే ఆయన్ని అడిగితే, మనిషిని తీసుకొస్తే పరీక్ష చేయిస్తానన్నాడు. మే నెలాఖరులో ఇద్దరం వెళ్లాం. గోడౌన్‌కి తాళం వేసి ఉంది. సరుకు వెళ్లిపోయింది, ఆడవాళ్లు ఎవరి ఊళ్లకి వాళ్లు వెళ్లిపోయారు. కాపలా ముసలాయన్ని అడిగాం.

"ఏ ఊరి మనిషమ్మా?"

వదిన చెప్పలేకపోయింది. అన్ని రోజుల్లో ఆమె ఊరూ పేరూ ఒక్కసారీ అడగలేదు. అడిగితే తన సంగతీ చెప్పాల్సి వస్తుందని భయపడింది.

"పోనీ ఎట్టా ఉంటది?"

"ముఖానికి గుడ్డ ఉండేది" అంది వదిన.

ఆయన మా ఇద్దరి వైపు చూసి, అందరికీ అంతేగా అన్నాడు. దగ్గర్లో ఉన్న మూడు ఊళ్ల పేర్లు చెప్పాడు. మొదటి ఊరు రెండు మైళ్లు. బస్సు లేదు. ఎండ అప్పటికే నెత్తి మీదికి వచ్చింది. వదిన కొంగు తలమీద కప్పుకుని నాకంటే ముందు నడవడం మొదలుపెట్టింది.